సాయంత్రం ఏడు దాటాక రోవర్‌కు ఫిక్స్ నిలవడం లేదు: కారణం సౌర జ్వాలలేనా, ముందుగా తెలుసుకోవచ్చా?

ప్రశ్న: నంద్యాల సర్వేయర్

నేను నంద్యాల జిల్లాలో లైసెన్సు ఉన్న ప్రైవేటు సర్వేయర్‌ను. ఆర్‌టీకే రోవర్‌తో, అంటే ఉపగ్రహ సంకేతాలతో సెంటీమీటర్ల ఖచ్చితత్వంతో స్థానం కొలిచే పరికరంతో, పొలాల హద్దులు కొలిచి, రాళ్లు పాతించి, స్కెచ్ ఇవ్వడం నా వృత్తి. మార్చి మొదలయ్యాక మధ్యాహ్నం పూట పొలంలో నిలబడటం కష్టమవుతుంది కాబట్టి, ఎండ తగ్గాక నాలుగింటికి పని మొదలుపెట్టి, అవసరమైతే చీకటి పడ్డాక టార్చి వెలుతురులో చివరి పాయింట్లు పూర్తి చేస్తుంటాను.

మొన్న మార్చిలో ఇద్దరు అన్నదమ్ముల మధ్య నాలుగెకరాల చేను పంచే పనిలో పడ్డాను. ఆరు గంటల వరకు రోవర్ తెరపై ఫిక్స్ (సెంటీమీటర్ల ఖచ్చితత్వం కుదిరిందన్న గుర్తు) స్థిరంగా ఉంది. ఏడున్నర ప్రాంతంలో ఒక్కసారిగా ఫ్లోట్‌కు, అంటే ఆ ఖచ్చితత్వం లేని స్థితికి, పడిపోయింది, కొన్ని సెకన్లకు మళ్లీ ఫిక్స్ వచ్చింది, మళ్లీ పోయింది. ఉపగ్రహాల సంఖ్య 20కి పైగానే కనిపిస్తున్నా ఇలా జరుగుతూ ఉండటంతో, ఫిక్స్ వచ్చిన ఒక క్షణం చూసి పాయింటు నమోదు చేసుకుని, ఆ లెక్క ప్రకారం తూర్పు మూల రాయి పాతించాను. మర్నాడు ఉదయం ఆరున్నరకు అనుమానంతో వెళ్లి మళ్లీ కొలిస్తే ఆ రాయి 38 సెంటీమీటర్లు పక్కకు ఉంది. రాయి పీకి తిరిగి పాతేటప్పుడు ఆ ఇద్దరి ముఖాలు చూడటం నాకు చాలా కష్టమైంది. కొలతగాడి మాట మీద ఒకసారి నమ్మకం పోతే మళ్లీ రావడానికి ఏళ్లు పడుతుంది.

పరికరం అమ్మిన డీలరును అడిగితే, "ఆ రోజు సూర్యుడి మీద జ్వాల వచ్చింది, పరికరంలో లోపం లేదు" అన్నారు. ఫోన్‌లో అంతరిక్ష వాతావరణం చూపించే యాప్ వేసుకుని చూస్తే, ఆ తేదీన 14:05కి ఎం 1.3 తరగతి జ్వాల నమోదైనట్లు నిజంగానే ఉంది. మధ్యాహ్నం రెండు గంటలకు వచ్చిన జ్వాల ప్రభావం సాయంత్రానికి చేరిందని డీలరు వివరణ. అయితే అదే యాప్‌లో భూమి అయస్కాంత క్షేత్రపు అలజడిని చూపే కేపీ సూచిక 2 మాత్రమే ఉంది, భూ అయస్కాంత తుఫాను లేదని రాసి ఉంది.

నిజంగా జ్వాల వల్లే ఇలా జరిగిందా? ఈ జ్వాలలను, తుఫానులను ముందుగా ఎలా అంచనా వేస్తారు, ఆ అంచనాలను ఎంతవరకు నమ్మవచ్చు? పొలానికి బయల్దేరే ముందు నాలాంటివాడు ఏ అంకె చూసుకోవాలి?

జవాబు: అయనావరణ పరిశీలకుడు

మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. ఆ యాప్‌లో కనిపించే సమయం మన సమయం కాదు, యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం. దానికి ఐదున్నర గంటలు కలిపితే మన సమయం వస్తుంది. కాబట్టి 14:05 అంటే మన రాత్రి 7:35. మార్చిలో నంద్యాలలో సూర్యుడు ఆరున్నర లోపే అస్తమిస్తాడు. మీ రోవర్ ఫిక్స్ పోయిన వేళకూ జ్వాల వేళకూ పొంతన కుదిరినట్లు కనిపిస్తున్నా, ఆ పొంతన కాకతాళీయం. ఎందుకంటే జ్వాల నుంచి వచ్చే ఎక్స్ కిరణాలు సూర్యకాంతితో పాటే 8 నిమిషాల 20 సెకన్లలో భూమిని చేరతాయి, పగలు ఉన్న వైపు మాత్రమే పడతాయి. అవి ప్రధానంగా పనిచేసే పొర 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. మీరు రాయి దగ్గర నిలబడే సమయానికి ఆ పొర కూడా పూర్తిగా చీకట్లోకి వెళ్లిపోయింది. ఆ జ్వాల ప్రభావం ఏదైనా ఉంటే అట్లాంటిక్ మీద, అమెరికా ఖండాల మీద ఉండాలి. ఇక మధ్యాహ్నం వచ్చిన జ్వాల సాయంత్రానికి చేరడమన్నది ఏ విధంగానూ జరగదు. జ్వాల వెలుగు గనుక వస్తే వెంటనే వస్తుంది, సాధారణంగా కొన్ని పదుల నిమిషాల నుంచి గంట, రెండు గంటల్లో సద్దుమణుగుతుంది. పైగా ఎం 1.3 అన్నది చిన్న జ్వాల. షార్ట్‌వేవ్ రేడియో వినేవారికి కాస్త తెలుస్తుందేమో గాని, ఆర్‌టీకే కొలతను చెడగొట్టే స్థాయి కాదు.

మరి ఏమి జరిగింది? మీరు రాసిన మూడు వివరాలు, అంటే మార్చి నెల, సూర్యాస్తమయం తరువాత గంట, ఉపగ్రహాలు కనిపిస్తూనే ఫిక్స్ ఊగిసలాడటం, ఈ మూడూ కలిస్తే నాకు తోచే కారణం ఒకటే. అయనావరణంలో, అంటే సూర్యకాంతికి విద్యుదావేశం పొందిన పై వాతావరణ పొరలో, ఏర్పడే ప్లాస్మా (విద్యుదావేశిత వాయువు) బుడగలు.

పగలంతా సూర్యకాంతి వల్ల 250, 300 కిలోమీటర్ల ఎత్తున ఎలక్ట్రాన్లు దట్టంగా పేరుకుంటాయి. అయస్కాంత భూమధ్యరేఖ మన దేశపు దక్షిణ కొన దగ్గరగా పోతుంది కనుక, ఈ పొర ప్రవర్తన మన ప్రాంతంలో ఐరోపాలోనో కెనడాలోనో ఉన్నట్లు ఉండదు. సూర్యాస్తమయం కాగానే అక్కడి విద్యుత్ క్షేత్రం కొద్దిసేపు బలపడి ఆ పొర మొత్తాన్ని పైకి ఎత్తుతుంది. అదే సమయంలో కింది భాగంలోని ఎలక్ట్రాన్లు చీకటి పడగానే త్వరగా తరిగిపోతాయి. బరువైన పొర పైన, పల్చటి పొర కింద మిగులుతాయి. నీటి అడుగున నూనె పోస్తే అది నీటిని చీల్చుకుంటూ పైకి ఎలా లేస్తుందో, ఆ పల్చటి ప్లాస్మా కూడా అలాగే బుడగలుగా పైకి లేస్తుంది. ఈ బుడగలు అయస్కాంత రేఖల వెంట ఉత్తర దక్షిణాలుగా సాగుతాయి కాబట్టి, పుట్టుక భూమధ్యరేఖ దగ్గరే అయినా వాటి కొసలు రాయలసీమ దాటి ఇంకా ఉత్తరానికి వస్తాయి. తిరుపతి దగ్గర గాదంకిలో 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే పెద్ద రాడార్‌లో ఇవి పొగ స్తంభాల్లా నిటారుగా లేస్తూ కనిపిస్తాయి. ఆ చిత్రాన్ని ఒకసారి చూసినవారు రాత్రి ఆకాశం నిశ్చలంగా ఉంటుందని మళ్లీ అనుకోరు.

ఉపగ్రహం నుంచి వచ్చే సంకేతం ఈ బుడగ అంచుల గుండా వచ్చినప్పుడు, నక్షత్రం మిణుకుమన్నట్లు దాని బలమూ దశా రెండూ వేగంగా మారిపోతాయి. రోవర్ సెంటీమీటరు ఖచ్చితత్వం సాధించేది ఆ దశను తెగకుండా లెక్కిస్తూ పోవడం వల్లనే. లెక్క తెగితే ఫ్లోట్‌కు పడుతుంది. తెగిన లెక్కను పరికరం తొందరపడి తప్పుగా అతికిస్తే, తెరపై ఫిక్స్ అని చూపిస్తూనే కొలత పదుల సెంటీమీటర్లు తప్పుతుంది. మీ 38 సెంటీమీటర్లు ఈ రెండో రకానికి చెందినవని నా అభిప్రాయం.

దీనికి ఆ రోజు జ్వాల రానవసరం లేదు, తుఫాను రానవసరం లేదు. మన రేఖాంశంలో మార్చి, ఏప్రిల్ నెలల్లోనూ సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనూ, అంటే విషువత్తుల (పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల) చుట్టూ ఇవి ఎక్కువ. సౌరచక్రం, అంటే సూర్యుడి చురుకుదనం పెరిగి తరిగే ఆవృత్తి, ఉచ్చస్థితిలో ఉన్న ఏళ్లలో దాదాపు ప్రతి సాయంత్రమూ ఎదురుకావచ్చు. కేపీ 2 అని చూసి నిశ్చింతగా ఉండటం అందుకే సరికాదు.

జవాబు: హామ్ రేడియో, విశాఖ

పై జవాబుతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మీ రెండో ప్రశ్న, అంటే అంచనాలు ఎలా వేస్తారన్నది, నేను చాలా ఏళ్లుగా రోజూ ఉదయం రేడియో ముట్టుకునే ముందు చూసుకునే విషయం కనుక దానిపై రాస్తాను.

అందరూ సౌర తుఫాను అని ఒకే మాటతో పిలిచే వాటిలో వేర్వేరు వేగాలతో వచ్చే వేర్వేరు సంగతులు ఉన్నాయి. మొదటిది జ్వాల. దాని వెలుగును మనం చూసే క్షణానికే ప్రభావం కూడా వచ్చేస్తుంది కాబట్టి, జ్వాల వచ్చాక హెచ్చరించడానికి వ్యవధి ఉండదు. దాన్ని ముందే ఊహించాలంటే సూర్య మచ్చల గుంపులను చూడాలి. ఏ గుంపులో వ్యతిరేక ధ్రువాల మచ్చలు ఒకే నీడలో ఇరుక్కుని కలగాపులగంగా ఉంటాయో, దాన్ని డెల్టా తరగతి అంటారు. పెద్ద జ్వాలలు ఎక్కువగా అక్కడినుంచే వస్తాయి. అయినా ఏ గంటకు వస్తుందో ఎవరూ చెప్పలేరు. అందుకే అమెరికాలోని బౌల్డర్‌లో ఉన్న అంతరిక్ష వాతావరణ సూచన కేంద్రం రాబోయే మూడు రోజులకు ఎం తరగతికి ఇంత శాతం, ఎక్స్ తరగతికి ఇంత శాతం అని సంభావ్యత మాత్రమే ప్రకటిస్తుంది. ఎక్స్ తరగతి ఎం కంటే పది రెట్లు, ఎం తరగతి సీ కంటే పది రెట్లు బలమైనది. గోస్ ఉపగ్రహాలు ఎక్స్ కిరణాల తీవ్రతను ఎడతెగకుండా కొలిచి ఈ తరగతులు నిర్ణయిస్తాయి. మాకు దీని రుజువు వెంటనే తెలుస్తుంది. పట్టపగలు 7 మెగాహెర్ట్జ్ మీద చెన్నైతో మాట్లాడుతున్నప్పుడు, చెవిలో ఉన్న గొంతుతో పాటు వెనకున్న గరగర కూడా ఒక్క నిమిషంలో అడుగంటిపోతుంది. యాంటెనా తీగ తెగిందేమోనని లేచి చూడబోతాము. తీగ బాగానే ఉంటుంది, తెర మీద ఎక్స్ కిరణాల గీత నిటారుగా లేచి ఉంటుంది.

రెండోది కరోనల్ మాస్ ఎజెక్షన్. సూర్యుడి బాహ్య వాతావరణం నుంచి కోట్లాది టన్నుల ప్లాస్మా తన అయస్కాంత క్షేత్రాన్ని చుట్టుకుని బయటికి విసిరివేయబడటం. భూ అయస్కాంత తుఫానులలో పెద్దవన్నీ దీనివల్లే వస్తాయి. ఇది భూమిని చేరడానికి ఒకటి నుంచి మూడు, నాలుగు రోజులు పడుతుంది. జ్వాల వచ్చిన ప్రతిసారీ ఇది వస్తుందన్న నియమం లేదు. 2014 అక్టోబరులో 12192 సంఖ్యగల బ్రహ్మాండమైన మచ్చల గుంపు భూమివైపు తిరిగి ఆరు ఎక్స్ తరగతి జ్వాలలను వెలువరించింది, కాని వాటితో చెప్పుకోదగ్గ ప్లాస్మా విసర్జన ఏదీ రాలేదు, తుఫానూ రాలేదు. వార్తల్లో జ్వాల అంకె చూసి తుఫాను లెక్కగట్టడం ఎంత పొరపాటో ఆ గుంపు చూపించింది.

ఈ విసర్జనలను చూడటానికి సూర్యబింబాన్ని ఒక పళ్లెంతో కప్పేసి, కృత్రిమ గ్రహణంలో చుట్టూ ఉన్న కరోనాను ఫోటో తీసే కరోనాగ్రాఫ్ వాడతారు. 1995లో వెళ్లిన సోహో ఉపగ్రహంలోని కరోనాగ్రాఫ్‌లే చాలాకాలం దీనికి ఆధారం. ఇప్పుడు గోస్-19 మీద కూడా ఒకటి ఉంది. ఆ చిత్రాల వరుసలో విసర్జన వేగమూ దిశా కొలిచి, ఎన్లిల్ అనే కంప్యూటర్ నమూనాకు ఇస్తారు. అది ఫలానా రోజు ఫలానా వేళకు చేరుతుందని చెబుతుంది. సగటున పది గంటలు అటూ ఇటూ తప్పడం మామూలే.

ఎందుకు ఇంత తప్పుతుందో మన తుఫానులతో పోల్చి చెబుతాను. అండమాన్ దగ్గర వాయుగుండం పుట్టిందనుకోండి. దాన్ని పుట్టినచోట ఒకసారి చూసి, తరువాత దారి పొడవునా దాదాపు ఏమీ కొలవకుండా, విశాఖ తీరానికి 12 కిలోమీటర్ల దూరంలో కట్టిన ఒకే ఒక్క బోయాను అది తాకినప్పుడే బలం తెలుసుకోవలసి వస్తే ఎలా ఉంటుందో, సౌర తుఫానుల పరిస్థితి నేటికీ అంతే. సూర్యుడికీ మనకూ 15 కోట్ల కిలోమీటర్ల దూరం. సూర్యుడి నుంచి వీచే ప్లాస్మా గాలిని నేరుగా తాకి కొలిచే ఉపగ్రహాలు ఉన్న ఎల్1 బిందువు మననుంచి 15 లక్షల కిలోమీటర్లు, అంటే మొత్తం దారిలో నూరో వంతు. ఏస్, డిస్కవర్ ఉపగ్రహాలు అక్కడివే. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయల్దేరిన మన ఆదిత్య-ఎల్1 కూడా 2024 జనవరి 6న అక్కడి కక్ష్యలో చేరింది.

ఆ బోయా దగ్గర కొలిచే అంకెల్లో అన్నిటికంటే ముఖ్యమైనది బీజడ్. వచ్చే ప్లాస్మాలోని అయస్కాంత క్షేత్రం ఉత్తరానికి తిరిగి ఉందా, దక్షిణానికా అన్నది అది చెబుతుంది. దక్షిణానికి తిరిగి ఉంటే భూమి క్షేత్రంతో ముడిపడి శక్తి లోపలికి ప్రవహిస్తుంది, ఉత్తరానికి ఉంటే ఎంత వేగంగా వచ్చినా చాలావరకు పక్కలనుంచి జారిపోతుంది. సూర్యుడి దగ్గర తీసిన ఫోటోల్లో దీన్ని నమ్మకంగా చదివే పద్ధతి ఇంకా రాలేదు. కాబట్టి తుఫాను రాకను రెండు రోజుల ముందు చెప్పగలిగినా, దాని బలం ఖాయంగా తెలిసేది సెకనుకు 400 కిలోమీటర్ల గాలి అయితే గంట ముందు, 800 కిలోమీటర్లదైతే అరగంట ముందు. 2014 జనవరి 7న ఎక్స్ 1.2 జ్వాలతో వేగవంతమైన విసర్జన వెలువడినప్పుడు అది భూమిని గట్టిగా తాకుతుందని అంచనా వేశారు. దారిలోనే పక్కకు మళ్లి, అంచు మాత్రం తగిలి, తుఫాను స్థాయికి కూడా చేరకుండా పోయింది. 2024 మేలో దీనికి తలకిందులుగా, ప్రకటించిన దానికంటే పెద్దదే వచ్చింది. ఈ రెంటినీ చూశాక నేను హెచ్చరికను కొట్టిపారేయను, అక్షరసత్యంగానూ తీసుకోను. రెండు రోజుల ముందరి హెచ్చరికను సిద్ధంగా ఉండటానికి, ఎల్1 కొలతను నిర్ణయం తీసుకోవడానికి వాడుకుంటాను.

ప్రశ్న అడిగినవారి స్పందన: నంద్యాల సర్వేయర్

ఇద్దరికీ కృతజ్ఞతలు. యూటీసీ సంగతి నాకు తట్టనే లేదు. యాప్‌లో ఉన్న సమయాన్ని ఇన్నాళ్లూ మన సమయంగానే చదువుతున్నాను. ఒక సందేహం మిగిలింది. 2024 మే నెలలో అంత పెద్ద తుఫాను వచ్చిందన్నారు, ఆ రెండు రోజులూ నేను పొలంలోనే ఉన్నాను, ఇబ్బంది పడిన గుర్తు లేదు. కేపీ 9 వచ్చిన రోజున ఏమీ కాకుండా, కేపీ 2 ఉన్న రోజున రాయి తప్పు పాతడమేమిటి?

జవాబు: అయస్కాంత వేధశాల విశ్రాంత ఉద్యోగి

మీ సందేహం సహజమైనది. కేపీ సూచిక ఎక్కడినుంచి వస్తుందో తెలిస్తే అది తీరుతుంది.

1949లో జూలియస్ బార్టెల్స్ రూపొందించిన ఆ సూచికను ఇప్పుడు జర్మనీలోని పోట్స్‌డామ్ నుంచి వెలువరిస్తున్నారు. ప్రపంచంలో 13 వేధశాలల్లో మూడు గంటలకొకసారి అయస్కాంత క్షేత్రం ఎంత అల్లాడిందో చూసి 0 నుంచి 9 వరకు అంకె ఇస్తారు. ఆ పదమూడూ మధ్య అక్షాంశాల్లోనివే, మన దేశంలోనిది ఒక్కటీ లేదు. కేపీ 5ను జీ1 తుఫాను అని, కేపీ 9ను జీ5 అని పిలుస్తారు. విద్యుత్ గ్రిడ్లకూ ధ్రువకాంతులు చూసేవారికీ ఆ అంకె అక్కరకు వస్తుంది. సాయంత్రం మన నెత్తిమీది అయనావరణం ఎలా ఉంటుందో చెప్పడానికి దాన్ని తయారు చేయలేదు.

మన అక్షాంశాల్లో తుఫాను మరో రూపంలో కనిపిస్తుంది. భూమి చుట్టూ పడమటి దిశగా ప్రవహించే వలయ విద్యుత్తు బలపడి, నేల మీది క్షితిజ సమాంతర క్షేత్రం తగ్గిపోతుంది. హైదరాబాదులో ఆ క్షేత్రం సుమారు 40 వేల నానోటెస్లాలు. పెద్ద తుఫానులో 400 తగ్గితే నూటికి ఒక వంతు తగ్గినట్లు. నేను ఉద్యోగంలో చేరిన కాలంలో దీన్ని ఫోటో కాగితం మీద నమోదు చేసేవాళ్లం. చీకటి గదిలో సన్నని దారానికి వేలాడే అయస్కాంతానికి చిన్న అద్దం ఉండేది, దానిమీద పడిన వెలుతురు చుక్క నెమ్మదిగా తిరిగే డ్రమ్ము మీది కాగితంపై గీత గీసేది. రోజుకొకసారి ఎర్ర దీపం వెలుతురులో ఆ కాగితం మార్చి, కడిగి, ఆరబెట్టాలి. 1989 మార్చి 13 నాటి కాగితం కడిగినప్పుడు గీత ఉండవలసిన చోట లేదు. కిందికి దిగిపోయి కాగితపు అంచు దాటిపోయింది. అదే తుఫానులో కెనడాలోని క్వెబెక్ రాష్ట్రంలో తెల్లవారుజామున 2:44కు, మనకు మధ్యాహ్నం ఒంటిగంటంపావు వేళ, గ్రిడ్ నిమిషంన్నరలో కుప్పకూలి 60 లక్షల మంది తొమ్మిది గంటలు చీకట్లో ఉన్నారని తరువాత చదివాను. ఆ రోజు చేతిలో తడిగా ఉన్న కాగితం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

ఇలాంటి గీతలు గీయడంలో మన దేశానిది పాత చరిత్ర. బొంబాయిలోని కొలాబా వేధశాలలో 1841 నుంచి కొలతలు ఉన్నాయి. 1859 సెప్టెంబరులో వచ్చిన కారింగ్టన్ తుఫానులో క్షేత్రం సుమారు 1600 నానోటెస్లాలు పడిపోయినట్లు ఆ పుస్తకాల్లో ఉంది. తక్కువ అక్షాంశాల్లో ఆ తుఫాను బలాన్ని నేటి శాస్త్రవేత్తలు అంచనా వేయడానికి ఆ కొలతే ముఖ్య ఆధారమైంది. బొంబాయిలో ట్రాములు విద్యుత్తుతో నడవబోతున్నాయని, ఆ విద్యుత్తు కొలతలను చెడగొడుతుందని, 1904లో వేధశాలను అలీబాగ్‌కు మార్చారు. మన హైదరాబాదులోనూ 1964 నుంచి ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) ప్రాంగణంలో వేధశాల ఉంది. నగరం పెరిగేకొద్దీ రణగొణ పెరగడంతో చౌటుప్పల్‌లో మరొకటి నెలకొల్పారు. అయస్కాంత క్షేత్రాన్ని కొలిచేవాళ్లు ఎప్పుడూ ఇలా నగరానికి ముందు పరుగెత్తుతూనే ఉన్నారు.

ఇక 2024 మే సంగతి. 13664 సంఖ్యగల గుంపు, భూమి వ్యాసానికి దాదాపు 15 రెట్లు పొడవైనది, వరుసగా విసర్జనలు పంపింది. వాటిలో కనీసం ఐదు భూమివైపు వచ్చాయి. వెనకవి ముందువాటిని అందుకుని కలిసిపోయాయి. బౌల్డర్ కేంద్రం 2005 తరువాత మొదటిసారిగా జీ4 స్థాయి ముందస్తు హెచ్చరిక ఇచ్చింది. వచ్చినది జీ5, 2003 అక్టోబరు తరువాత అదే మొదటిది. తొలి దెబ్బ మే 10 రాత్రి మన సమయం 10:35కు నేలమీది మాగ్నెటోమీటర్లలో పడింది. క్షేత్రం అట్టడుగుకు చేరినది మే 11 ఉదయం. లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడింది. అంటే తుఫాను ఉధృతంగా ఉన్న గంటలు మనకు అర్ధరాత్రి నుంచి ఉదయం వరకు, అయనావరణం ఇంకా పూర్తిగా పుంజుకోని వేళ. అప్పుడు పగలున్న పసిఫిక్, అమెరికా ప్రాంతాల మీద అది బాగా కల్లోలపడింది. అమెరికాలో మొక్కజొన్న విత్తుతున్న రైతుల ట్రాక్టర్లు, మీ రోవర్ వాడే ఆర్‌టీకే పద్ధతిమీదే సాళ్లు వేసేవి, దారి తప్పడంతో పని ఆపుకోవలసి వచ్చింది. అదే తుఫాను కొన్ని గంటలు ముందుగా, సరిగ్గా మన సూర్యాస్తమయానికి బీజడ్ దక్షిణానికి తిరుగుతూ వచ్చి ఉంటే, మీకు ఆ రోజు బాగా గుర్తుండి ఉండేది. తుఫాను మొదలయ్యే వేళ మన సాయంత్రమైతే బుడగలను పెంచవచ్చు, తుఫాను సాగాక పై వాతావరణపు గాలులు మారి మర్నాటి బుడగలను అణచనూవచ్చు. అందువల్ల ఏ అంకె వచ్చిందన్నదానికంటే, ఏ గంటకు వచ్చిందన్నది మన అక్షాంశాల్లో ఎక్కువ ముఖ్యం.

జవాబు: రీసర్వే అనుభవం, గుంటూరు

నేనూ రోవర్ పట్టుకునేవాడినే. పై జవాబుల్లోని శాస్త్రం నాకు కొత్త, కాని వాటిలోని వేళలు నా నోటుబుక్కులో ఉన్నవే. ఈ రెండేళ్లలో మార్చి, ఏప్రిల్, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఏడు నుంచి పదకొండు వరకు హద్దు పాయింటు ఏదీ ఖరారు చేయకూడదని నియమం పెట్టుకున్నాను. తప్పనిసరైతే గంట వ్యవధి ఇచ్చి రెండుసార్లు కొలుస్తాను. రెండోసారి పరికరాన్ని పూర్తిగా రీసెట్ చేసి ఫిక్స్‌ను మొదటినుంచి తెచ్చుకుంటాను, లేకపోతే పాత తప్పే మళ్లీ వస్తుంది. రెండూ మూడు సెంటీమీటర్లలోపు కలిస్తేనే రాయి పాతిస్తాను.

అయితే ఒక మాట. అన్నిటికీ ఆకాశాన్నే కారణం చేయడం కూడా మంచిది కాదు. రేకుల షెడ్డు పక్కన, చింతచెట్టు కింద, మొబైల్ సిగ్నల్ బలహీనంగా ఉండి కోర్స్ కేంద్రం (రోవర్‌కు సవరణలు పంపే స్థిర కేంద్రం) నుంచి సవరణలు ఆలస్యంగా వచ్చే చోట పట్టపగలే ఇలా జరుగుతుంది. తెరమీద సవరణ వయసు రెండు సెకన్లు దాటుతోందేమో ముందు చూడండి. అది సరిగా ఉండి, ఆకాశం తెరిపిగా ఉండి, రాత్రిపూట ఒక దిక్కున ఉన్న ఉపగ్రహాల బలం మాత్రమే ఎగుడుదిగుడుగా కనిపిస్తుంటే, అప్పుడు బుడగ అనుకోవచ్చు. అది గాలిలా తూర్పుకు కదిలిపోతుంది, కాసేపాగితే ఆ దిక్కు తేరుకుంటుంది.

జవాబు: అయనావరణ పరిశీలకుడు

గుంటూరు మిత్రులు చెప్పినది సరైనది. ఆయన నోటుబుక్కు పద్ధతి చాలా విలువైనది. ఏ అంకె చూడాలన్న ప్రశ్న మిగిలింది కాబట్టి చెబుతున్నాను. కేపీ కంటే ముందు ఎఫ్10.7 చూడండి. సూర్యుడి నుంచి 10.7 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యంలో వచ్చే రేడియో తీవ్రత అది, కెనడాలోని పెంటిక్టన్‌లో రోజూ కొలుస్తారు. సూర్యుడు నిద్రపోతున్నప్పుడు 70 దగ్గర ఉంటుంది, 2024లో చాలా రోజులు 200 దాటింది. విషువత్తుల నెలలో అది 150కి పైన ఉందంటే సాయంత్రాలను అనుమానించండి. ఇది కచ్చితమైన గీత కాదు, నా అనుభవంలో పనికొచ్చిన గుర్తు మాత్రమే. కేపీ 6 లేదా అంతకు మించి వస్తుందని హెచ్చరిక ఉన్న రోజున, మన మధ్యాహ్నం మూడు తరువాత ఎల్1 కొలతల్లో బీజడ్ మైనస్ (అంటే దక్షిణానికి) 10 దాటి కిందికి నిలిచిపోతే, ఆ సాయంత్రం ఏ నెలైనా సరే ఖరారు పని పెట్టుకోకండి.

సౌరచక్రం ఇప్పుడు దిగుముఖంలో ఉంది గనుక బెంగ తీరిందనుకోవద్దు. 2003 అక్టోబరు తుఫానులు కూడా చక్రం దిగుతున్న కాలంలో వచ్చినవే.

ప్రశ్న అడిగినవారి స్పందన: నంద్యాల సర్వేయర్

ఈ జవాబులన్నీ ప్రింటు తీసి రోవర్ పెట్టెలో పెట్టుకున్నాను. నిన్న ఆ అన్నదమ్ముల చేనుకు మళ్లీ వెళ్లి, ఉదయం ఆరున్నరకు ఒకసారి, ఎనిమిదికి రీసెట్ చేసి మరోసారి, నాలుగు మూలలూ కొలిచాను. మూడు మూలల్లో తేడా రెండు సెంటీమీటర్లలోపే ఉంది. తూర్పు మూల రాయి, తిరిగి పాతినది, ఒకటిన్నర సెంటీమీటరు తేడాలో ఉంది. ఆ రాత్రి ఎందుకు తప్పు వచ్చిందో ఇద్దరినీ గట్టు మీద కూర్చోబెట్టి, నీళ్లూ నూనె పోలికతోనే చెప్పాను. పెద్దాయన రెండు కాగితాల్లోని అంకెలూ తన వేలితో పక్కపక్కన పెట్టి చదువుకుని, తమ్ముడికి ఇచ్చారు. ఇద్దరూ సంతకం చేశారు. సెప్టెంబరు నెలంతా సాయంత్రం ఆరు నుంచి పది వరకు మా ఇంటి మేడమీద రోవర్‌ను ఒకే చోట నిలబెట్టి, ఫిక్స్ పోయిన వేళలను యూటీసీలోనూ మన సమయంలోనూ రాసి ఇక్కడే పెడతాను. గుంటూరు మిత్రులు తమ నోటుబుక్కు వేళలు కూడా జతచేస్తే రెండు చోట్ల మధ్య బుడగ ఎంత సేపటికి కదిలిందో చూడవచ్చు.